కూర్చుని చూడు

మురీషో వీధిలో తోలు వాసన
వానకి ఇంకాస్త బరువెక్కుతుంది.
పదకొండు దుకాణాలు తిరిగాను.
ప్రతి అద్దంలోనూ బాగానే ఉన్నాను,
నిలబడి ఉన్నంతసేపూ.

పన్నెండోది కస్పార్యాన్ గారిది.
అద్దం లేదు.
గది మధ్యలో, ఇంజనూ చక్రాలూ లేని
పాత మోటార్ సైకిల్ ఒకటి
సిమెంటు దిమ్మల మీద.
"ఎక్కు" అన్నాడు, పేరైనా అడక్కుండా.
"నిలబడి చూసుకునే కోటు పెళ్లిళ్లకి."

వంగి హ్యాండిల్ పట్టుకున్నాను.
ఒంటి మీది పాత జాకెట్టు
నడుము దగ్గర జానెడు పైకి లేచింది,
మణికట్లు చలికి బయటపడ్డాయి,
కాలరు
అప్పులవాడిలా గొంతు పట్టుకుంది.

ఆయన నా చుట్టూ రెండు సార్లు తిరిగాడు.
వీపు మీద తోలు చిటికెడు పట్టి వదిలాడు.
"ఎవరిదిది?"
నాదే.
తగ్గింపులో కొన్నాను, ఒక సైజు పెద్దది,
లోపల స్వెటరు పడుతుందని.
"పడ్డావా ఎప్పుడైనా?"
పడ్డాను. అసూల్ ఊరు దాటాక, కంకర మీద.
"చెయ్యి చూపించు."

మోచేతి గుబ్బ మీద మచ్చ,
నమిలి ఉమ్మిన చింతపిక్కంత.
ఆ రోజు మోచిప్ప లేక కాదు,
ఉంది, గట్టిదే,
వదులు చేతిలో నాలుగు వేళ్లు పక్కకి తిరిగి
నేల తగలని చోటుని
భద్రంగా కాపాడుతూ ఉంది.

ఆయన నవ్వలేదు. నేనే నవ్వాను.
జాకెట్టు చేతిని మళ్లీ కిందికి లాగి
మచ్చ ఎక్కడుందో బొటనవేలితో తడిమి
పైన సుద్దతో సున్నా చుట్టాడు.
"ఇక్కడ."

తర్వాత తోళ్లు.
మేకది వద్దన్నాడు, నీకు మెత్తన, రోడ్డుకీ మెత్తనే.
ఆవుది పరిచి
అంచు నా పిడికిట్లో పెట్టి నలపమన్నాడు.
కిర్రుమంది, నిద్ర చెడిన మనిషిలా.
ఒక మూల ముళ్లకంచె గీరిన చార.
"పక్క కొట్లవాళ్లు దీన్ని కోసి పారేస్తారు.
నేను చంక కింద పెడతాను.
ఎక్కడికో దాటిపోబోయింది పాపం, ఉండనీ."

గుండుసూదులు లేవు. బట్టలారేసే క్లిప్పులు.
"గుడ్డకి మరుపుంది,
కుట్టు విప్పి ఇస్త్రీ చేస్తే
ఏమీ ఎరగనట్టు ఉంటుంది.
తోలుని పొడిస్తే పొడిచినట్టే."
అందుకని మూడు సార్లు కొలిచాడు,
మూడోసారి నన్ను
ఊపిరి నిండా పీల్చుకుని ఆపమని.
ఆపాను. మళ్లీ వదలమనడం మర్చిపోయాడు.

బిగువు ఎంతుండాలి, అడిగాను.
"ఒక పిడికిలి దూరాలి. రెండు దూరకూడదు.
మొదటి నెల నన్ను తిట్టుకుంటావు."
రెండో నెల?
భుజాలెగరేశాడు.
"రెండో నెల ఎవరూ ఉత్తరం రాయలేదు."

మూడు వారాలకి వెళ్లాను.
ముందు పొట్టి, వెనక బెత్తెడు పొడుగు,
వీపు మీద బాండోనియన్ తిత్తిలా మడతలు,
చేతులు ముందే వంచి కుట్టినవి.
పేవ్‌మెంటు మీద నిలబడితే
ఎదుటి కొట్టు గాజులో ఒక ఎండ్రకాయ,
ఎవరినో కావలించుకోబోయి ఆగినట్టు.
ఎంపనాడాలమ్మే ఆవిడ నోరు మూసుకుని నవ్వింది.

రసీదు మీద రాయడానికి
అప్పుడడిగాడు పేరు. నెరేయా.
మీరు బండి ఏది నడుపుతారు?
దారం పంటితో తుంచి
"నాకు భయం" అన్నాడు.
"అందుకే సరిగ్గా కొలుస్తాను."

కొర్రియెంతెస్ దగ్గర ఎర్ర దీపం.
వాన, సన్నగా, ఏటవాలుగా.
నడుము దగ్గర జాకెట్టు కిందికి లాక్కోవడానికి
అలవాటుగా చెయ్యి వెనక్కి పోయింది.
లాగడానికేమీ లేదు.
ఆ చేతిని ఏం చెయ్యాలో తెలీక
పక్క బస్సు కిటికీలో
అద్దానికి ముక్కు ఆనించిన పిల్లాడికి
ఊపాను.